ఒరీనా తిరిగొస్తుందా

జూన్ 12

ఇవాళ్టి నుంచి నోరు మూసుకోవాలి. డాక్టరు గారు నవ్వుతూనే చెప్పారు గానీ మాట మాత్రం సడలించలేదు. "గుసగుసలు కూడా వద్దమ్మా. చెప్పాలనుకున్నది రాసి చూపించండి." బయటికి రాగానే మా ఆయన పాల్ ఎదురు షాపులో తెల్ల పలకొకటి కొన్నాడు, పిల్లలు బొమ్మలేసుకునేది, మార్కరుతో సహా. ఇంట్లోవాళ్ళకి దాని మీద రాస్తాను. నాకు నేను ఇందులో రాసుకుంటాను. వాగకుండా ఉండలేని మనిషిని, ఎక్కడో ఒకచోట వాగాలి కదా.

థైరాయిడ్ గడ్డ తీసేశారు. భయపడాల్సిన గడ్డ కాదని రిపోర్టు వచ్చింది, దేవుడికి స్తోత్రం. గొంతు నరం దానికి అతుక్కుని ఉందనీ, ఇలా జరిగినా జరగొచ్చనీ ముందే చెప్పారు. అన్నీ విని సంతకం పెట్టింది నేనే. ఎవర్నీ అనడానికి లేదు. ఎడమవైపు స్వరతంతువు కదలడం లేదట. కదలొచ్చు, కదలకపోవచ్చు. కొన్ని నెలలు ఆగి చూడాలి.

అమ్మకి నా మాట పోయిందని చెబితే చెవులు కూడా పోయాయనుకుంటోంది. "డయానా! కాఫీ! తాగుతావా!" అని గుణదల కొండ మీదికి వినపడేలా అరుస్తోంది.

జూన్ 13

ఇవాళా అరుస్తోంది.

జూన్ 17

పాల్ గూడ్సు బండి తీసుకుని గూడూరు వెళ్ళాడు. అమ్మ మేరీమాత గుడికి వెళ్ళింది. నేనూ ఫోనూ మిగిలాం.

'శూన్యద్వీపం తెలుగు బృందం' గ్రూపు తెరిచాను. అందులో నా పేరు అమలమ్మ. అమలమ్మ మా నానమ్మ, మా ఇంటికి టీవీ రాకముందే పోయింది. సొంత పేరు పెట్టుకుంటే పట్టేస్తారు. ఎపిసోడ్ అయిపోయాక గబగబా పరిగెత్తే పేర్లలో 'కెప్టెన్ ఒరీనా: డయానా' అని రెప్పపాటు కనిపిస్తే, దాన్ని ఆపి ఫొటో తీసి దాచుకునే జనం వీళ్ళు.

'శూన్యద్వీపం' ఎక్కడో మంచుదేశంలో తీసిన సీరియల్. అంతరిక్షంలో ఓడ, ఓడలో కెప్టెన్ ఒరీనా, ఆవిడ మనుషులు. తెలుగులో నాలుగు సీజన్లూ ఒరీనా గొంతు నాదే. గుడిలో బైబిలు పఠనాలు చదువుకునే నన్ను ఎవరో రేడియోకి తీసుకెళ్ళారు. రేడియోలో విని శాలిని గారు హైదరాబాదు పిలిచారు. తెలుగు డబ్బింగ్ చూసుకునేది ఆవిడే. అప్పటినుంచీ నెలకోసారి పొద్దున్నే రైలెక్కి, ఆ గదిలో నిలబడి, ముక్కూమొహం తెలియని చలిదేశపు మనిషి పెదాలు చూస్తూ ఆవిడ కోపాలన్నీ నేను పడి వచ్చేదాన్ని.

చివరి ఎపిసోడ్‌లో ఒరీనా ఓడ తలుపు బయటినుంచి మూసేసి తనవాళ్ళని బతికిస్తుంది. తను చీకట్లోకి కొట్టుకుపోతుంది. అక్కడితో సీరియల్ అయిపోయింది. మూడేళ్ళవుతోంది. అప్పటినుంచీ అందరూ అడిగేది ఒక్కటే. ఒరీనా తిరిగొస్తుందా?

మిగతా భాషలవాళ్ళు చచ్చిపోయిందనే అంటారు. మనవాళ్ళు ఒప్పుకోరు. తలుపు మూసేముందు తెలుగు ఒరీనా "వస్తాను" అంది కదా, అంటారు.

కాగితం మీద ఉన్నది "సెలవు". నా నోటికి "వస్తాను" వచ్చింది. మా ఇంట్లో పక్కసందు కొట్టుకి వెళ్ళినా అంతే. "పోతున్నా" అంటే అమ్మ వెనక్కి పిలిచి మళ్ళీ చెప్పించేది. పెదాలకి సరిపోయింది, శాలిని గారు బావుంది ఉంచేద్దామన్నారు, నేను రైలు అందుకోవడానికి పరిగెత్తాను. జరిగింది అంతే.

చల్లపల్లిలో కుల్సుం టీచర్ గారని ఒకావిడ ఉన్నారు గ్రూపులో. రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ టైపు చెయ్యరు, మాటలు రికార్డు చేసి పెడతారు. ఇవాళ పెట్టింది: "ఒరీనా తూకం వేసి మాట్లాడే మనిషి నాయనా. నాలుగు సీజన్లలో ఒక్క మాట వృథాగా అనలేదు. రాలేనని తెలిస్తే వస్తానని ఎందుకంటుంది? అంటే దారి తెలుసు. ఆ దారేమిటో మనం కనుక్కోవాలి." దాని కింద జవాబులే జవాబులు. ఓడకి అడుగున ఇంకో తలుపుందని ఒకరు బొమ్మ గీశారు. ఆ చీకటి చీకటి కాదు, నీళ్ళని ఇంకొకరు.

నేను అలవాటుగా అన్న మాట మీద వీళ్ళు మేడ కట్టుకున్నారు. కట్టి, అందులో కాపురం ఉంటున్నారు. చదువుతూ చదువుతూ గొంతు మీద చెయ్యేసుకుని అలాగే ఉండిపోయాను.

జులై 3

కొత్త సీరియల్ వస్తోందని ఒక చిన్న ముక్క వదిలారు. చీకటి. మంచు పట్టిన అద్దం. అవతలినుంచి దాన్ని తుడిచే చెయ్యి. అద్దం తేటపడేలోపే అయిపోయింది. పేరు లేదు, మాట లేదు.

గ్రూపుకి పిచ్చెక్కింది. గ్రూపు నడిపే సాయిగణేష్ గారికి హనుమాన్ జంక్షన్‌లో టైల్స్ షోరూం ఉంది. ఇవాళ తెరిచినట్టు లేదు. ఆ చేతిని పెద్దది చేసి, "బొటనవేలి దగ్గర మచ్చ చూడండి, రెండో సీజన్లో ఒరీనాకి కాలిన చోటే" అని బాణం గుర్తులేసి పెట్టారు. మచ్చ కాదు మంచు అన్నాడొకాయన. వచ్చేది ఒరీనా కాదు, ఒరీనా చెల్లెలి కథ అన్నాడు ఇంకొకాయన. ఓడలో వంటవాడి మీద విడిగా తీస్తున్నారని ఒకమ్మాయి పట్టుబట్టింది. ఆ అమ్మాయికి మొదట్నుంచీ ఆ వంటవాడంటే ఇష్టం.

కుల్సుం టీచర్ గారు ఒక్కటే అన్నారు. "మీరంతా చెయ్యి చూస్తున్నారు. వెనకాల ఊపిరి వినండి. మన ఒరీనాది."

విన్నాను. ఆ ఊపిరి నాది కాదు, అసలు నటిది. అన్ని భాషలకీ అదే పెట్టారు. అయినా నాకు తెలుసు. నాలుగు సీజన్లు ఆ ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ నా మాట ఎత్తుకున్నదాన్ని. ఆవిడే. బతికే ఉంది.

చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అమ్మని పిలుద్దామని నోరు తెరిచి, గుర్తొచ్చి, మూసుకున్నాను.

జులై 4

గొంతు ఎవరిదైనా నాకొకటే. ఒరీనా వస్తే చాలు.

జులై 11

శాలిని గారు పాల్‌కి ఫోను చేశారు. స్పీకర్లో పెట్టాడు.

"పాల్ గారూ, డయానా పక్కనుందా?"

"ఉందండీ. వింటోంది."

"డయానా, వస్తోంది. ఒరీనా వస్తోంది. సీరియల్ పేరే 'ఒరీనా'. ఎక్కడా నోరు జారకూడదు సుమా." అనేసి ఆవిడే నాలిక్కరుచుకున్నట్టు ఆగారు. "సారీ అమ్మా. గొంతెలా ఉంది?"

పాల్ నా వైపు చూశాడు. పలక మీద రాశాను. అతను చదివాడు. "బాగవుతోందట అండీ."

"వచ్చే నెల రావాలి మరి. నువ్వే రావాలి."

ఫోను పెట్టేశాక పాల్ పలక వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను తుడిచేశాను. రాసింది అబద్ధం కాదు. ఇంకా నిజం కాలేదు, అంతే.

గ్రూపులో అందరూ తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నాకొక్కదానికే తెలుసు. పైకి చెప్పకూడదు, చెప్పడానికి గొంతూ లేదు.

జులై 22

మాట్లాడొచ్చన్నారు. కాసేపు, మెల్లగా. గొంతుకి కసరత్తు నేర్పే అమ్మాయి 'ఆ' అని పట్టి ఉంచమంది. పట్టేలోపే ఊపిరంతా పక్కనుంచి కారిపోతోంది.

ఇంటికొచ్చి "అమ్మా" అన్నాను.

వంటింట్లోంచి అమ్మ, "ఎవరది?" అంది.

జులై 23

ఏం రాయాలనిపించడం లేదు.

జులై 30

శాలిని గారు ఒక ముక్క పంపించారు. నా పాత రికార్డింగులన్నీ కంప్యూటరుకి పెట్టి, దానిచేత నా గొంతు పలికించారట. నేను సరేనంటే కొత్త సీరియల్ మొత్తం అలాగే చేస్తారు. సరే అంటేనే. తొందరేం లేదు, ఆలోచించుకో అన్నారు.

పెట్టాను. "నేను ఇక్కడే ఉన్నాను. దీపం వైపు రండి."

నేనెప్పుడూ అనని మాటలు. నా గొంతు. 'దీపం' అనేటప్పుడు 'ప' దగ్గర నేను కొంచెం నొక్కుతాను, అది కూడా నొక్కింది. అద్దంలో బొమ్మ దానంతటదే తల దువ్వుకుంటుంటే చూస్తున్నట్టుంది. ఇలాంటివి ఆ సీరియల్లో చూసి డబ్బింగ్ చెప్పాను గానీ, నా మంచం మీద కూర్చుని నేనే వింటాననుకోలేదు. భయమేసింది. భయం కన్నా ఎక్కువ ఆశ్చర్యం. మనుషులు ఎంత పని చెయ్యగలరు!

పాల్ కళ్ళనిండా నీళ్ళు. మేం గుడి గానబృందంలో పరిచయమైనవాళ్ళం. నాకన్నా ముందు నా గొంతే అతనికి పరిచయం.

"ఒప్పుకో డయానా. నువ్వు కష్టపడక్కర్లేదు. నీ గొంతు ఎక్కడికీ పోదు."

"మరి నేను?" అన్నాను. గరగరమంటూ వచ్చింది.

అతను విననట్టు ఇంకోసారి ఆ ముక్క పెట్టుకున్నాడు. నా మీద నాకే కుళ్ళొచ్చింది. ఇలాంటిది ఎవరికైనా వచ్చి ఉంటుందా?

ఆగస్టు 10, ఆదివారం

చల్లపల్లి వెళ్ళొచ్చాను. రాసుకోవాలి, లేకపోతే నిద్ర పట్టదు.

సాయిగణేష్ గారు గ్రూపులో పెట్టారు: టీచర్ గారు ప్రయాణం చెయ్యలేరు కాబట్టి మనమే ఆవిడింట్లో కలుద్దామని. పాల్ రైలు మీదున్నాడు. అమ్మకి కాన్వెంటులో నిర్మల సిస్టర్ దగ్గరికని పలక మీద రాసి, అవనిగడ్డ బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక కాలవల నిండా నీళ్ళు, చేలల్లో నాట్లు. కూచిపూడిలో గజ్జెల సంచీతో ఒక అమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుని మాటలు కలపబోయింది. పలక చూపించాను. పాపం, మొహమాటపడి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

దుమ్ము ఎక్కువగా ఉంది, మాట్లాడొద్దని నాకు నేనే అనుకున్నాను. దుమ్ము వల్లే.

టీచర్ గారింట్లో ముందుగది నిండా చాపలు. బందరు నుంచి, గుడివాడ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వంటవాడంటే ఇష్టమన్న ఆ అమ్మాయి కూడా వచ్చింది. టీచర్ గారు సన్నటి మనిషి, తెల్ల చీర, తల మీద కొంగు. నా వైపు తిరిగి నా చెవి పక్కకి చూస్తూ మాట్లాడారు.

"ఏమనుకోకమ్మా. నాకు ఎదురుగా ఉన్నది కనపడదు, చుట్టూ ఉన్నది కనపడుతుంది. నీ మొహం చూడాలంటే గోడ వైపు చూడాలి నేను. నువ్వేనా అమలమ్మ? ఎప్పుడూ చదువుతావు, ఏమీ అనవు."

పలక మీద రాశాను. పక్కనున్న సాయిగణేష్ గారు తీసుకుని, టైల్స్ బేరమాడే గొంతుతో చదివారు. "గొంతుకి ఆపరేషన్ అయిందండీ!" ఇంతకాలం ఇంకొకళ్ళ పెదాలకి నేను మాటలిచ్చాను. ఇవాళ నా మాటలు హనుమాన్ జంక్షన్ గొంతుతో బయటికొచ్చాయి.

"అయ్యో తల్లీ," అని టీచర్ గారు లోపలికి వెళ్ళి మిరియాల పాలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

తర్వాత చివరి ఎపిసోడ్ పెట్టమన్నారు. టీవీలో కాదు, స్పీకర్లో. "నేను ఎలా చూస్తానో మీరూ అలా చూడండి. కళ్ళు మూసుకోండి." అంతమంది పెద్దవాళ్ళు, షోరూం ఓనరూ, బ్యాంకు మేనేజరూ, గుడివాడ డెంటిస్టూ, చాపల మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను మూసుకోలేదు. వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను. ఓడ గడగడలాడింది. సైరన్. తర్వాత నేను మాట్లాడాను. నిండుగా, తేటగా, ఎంత గొంతు! "లోపలికి వెళ్ళండి. ఇది ఆజ్ఞ." బ్యాంకు మేనేజరు చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి. "వస్తాను" అని వినపడగానే గదిలో అందరి గుండెలూ ఒక్కసారి పైకి లేచి కిందికి దిగాయి. నా కళ్ళారా చూశాను. గుడిలో పఠనం చదివేటప్పుడు కూడా అంత నిశ్శబ్దం నేనెరగను.

ఆ గదిలో ఆవిడ అలా ఉండగా నేనెవరిని? పాల గ్లాసు పట్టుకున్న మనిషిని.

భోజనాలయ్యాక టీచర్ గారు నా పక్కన కూర్చున్నారు. "నీకు చెప్తాను విను, మధ్యలో అడ్డురావు కాబట్టి. నా బతుకంతా లెక్కలు చెప్పాను. జవాబు పుస్తకం చివర ఉండే లెక్కలు. ఇది జవాబు ఇంకా ఎవరూ రాయని లెక్క. అందుకే నాకిష్టం. ఒరీనా వస్తుంది. కానీ వెళ్ళినట్టు రాదు. అక్కడ గాలి లేదు, మనిషి లేడు. ఎవరితో మాట్లాడుతుంది? ఏళ్ళ తరబడి మాట్లాడకపోతే గొంతు తుప్పు పట్టదూ? మొదటి మాట అనగానే అందరూ 'ఎవరు నువ్వు' అంటారు. ఆ మాట వినడానికే బతికున్నాననుకో."

పలక మీద ఏదో రాయబోయి, ఆవిడ చదవలేరని గుర్తొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడకి ఏమీ తెలియదు. తనకే తెలియకుండా నా గురించి మాట్లాడారు.

బస్సులో దారంతా పెదాలు కదుపుతూనే ఉన్నాను. ఈ గొంతే కావాలేమో. ఈ గొంతు కోసమే ఇలా జరిగిందేమో.

ఆగస్టు 11

శాలిని గారికి మెసేజ్ పెట్టాను. కంప్యూటరు వద్దు. నేనే వస్తాను. ఇప్పుడున్న గొంతుతో చూడండి అని.

ఆగస్టు 21

హైదరాబాదు నుంచి రైల్లో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

శాలిని గారు నన్ను చూడగానే కౌగిలించుకున్నారు. నా మాట విని మొహం మామూలుగా ఉంచడానికి బాగా కష్టపడ్డారు. "ముందు సీన్ చూడు," అన్నారు.

తిరిగొచ్చే సీన్. ఎముకలైనా దొరుకుతాయేమోనని ఓడవాళ్ళు ఆ చీకటి మధ్యలో ఉన్న శూన్యద్వీపం మీద దిగుతారు. అందరూ ముసలివాళ్ళయిపోయారు. తెల్లటి మంచు, దూరంగా ఒక దీపం. అటునుంచి ఒకామె పరిగెత్తుకొస్తుంది. ఒరీనా. వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే. అక్కడ కాలం నడవలేదు. ఆవిడకి అది ఒక్క పూట. ముసలి మొహాలు చూసి, గుర్తుపట్టి, నవ్వుతుంది. పడీపడీ నవ్వుతుంది, మంచులో కూలబడి, పొట్ట పట్టుకుని.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేను లేచానని నాకే తెలియలేదు. ఎంత అందంగా ఉందో! టీచర్ గారు తప్పు. గ్రూపు మొత్తం తప్పు. తుప్పు లేదు, ఏమీ లేదు. అంత మంచులోంచి మనిషి చెక్కుచెదరకుండా నవ్వుతూ వచ్చేసింది.

ఆ తర్వాత నాకు అర్థమైంది.

అయినా మైకు ముందు నిలబడ్డాను. నవ్వాను. దగ్గొచ్చింది. మళ్ళీ నవ్వాను. శాలిని గారు అద్దం అవతల తల వంచుకుని కాగితాలు సర్దారు. అది చాలు.

"నువ్వు వద్దనకముందు ఈ సీన్‌కి కంప్యూటరు చేసింది ఉంది, వింటావా?" అన్నారు చివరికి. వినిపించారు. మాటలన్నీ నావే. నవ్వు మాత్రం కడుపులోంచి రాలేదు. ఎలా వస్తుంది? నాలుగు సీజన్లలో ఒరీనా ఒక్కసారి కూడా పైకి నవ్వలేదు. దాని దగ్గర నేను పడ్డ కోపాలూ ఏడుపులూ ఉన్నాయి. నవ్వు నేనివ్వలేదు. కొత్తగా ఎవరైనా నవ్వాల్సిందే.

వరండాలో ఒక అమ్మాయి వాటర్ బాటిల్ పట్టుకుని కూర్చుని ఉంది. సింధూరి. ఎందుకైనా మంచిదని పిలిపించారట. నన్ను చూసి లేచి నిలబడింది. "మేడం, ఇంటర్ చదివేటప్పుడు మీ గొంతు పెట్టుకుని నిద్రపోయేదాన్ని." లోపలికెళ్ళి నన్నే దింపేసింది. 'ప' దగ్గర నొక్కుడుతో సహా. బాగోలేదు. పాపం, చెమటలు పట్టాయి.

లోపలికెళ్ళాను. నా గరగర గొంతుతో ఆ అమ్మాయి చెవి దగ్గర చెప్పాను. "నన్ను చెప్పకు. నేను లేను. ఆవిణ్ణి చూడు. ఎన్నాళ్ళకో తనవాళ్ళని చూసింది. నీకెవరు కనపడితే అలా నవ్వుతావు?"

సింధూరి తెర వైపు చూసింది. కళ్ళు మారాయి. ఎవర్ని తలుచుకుందో నేను అడగలేదు. నవ్వింది. మంచు మీద కూలబడ్డ మనిషి నిజంగా నవ్వింది. అద్దం అవతల శాలిని గారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆ అమ్మాయి వీపు మీద చెయ్యి వేసి ఉన్నాను, నవ్వు పుడుతున్న చోట అదురు అరచేతికి తెలుస్తోంది. నా చేతి కింద ఒరీనా తిరిగొచ్చింది.

"ఈ అమ్మాయే," అన్నాను. "నా పాతది కంప్యూటరులోంచి తీసెయ్యమనండి." శాలిని గారు తలూపారు.

వెళ్ళిపోబోతుంటే పిలిచారు. రెండో ఎపిసోడ్ చివర ఆ దీపం దగ్గర ఒక ముసలావిడ ఉంటుంది. మూడే మాటలు. "చెప్పిచూడు. లేకపోతే నేనే చెప్పేద్దామనుకున్నాను," అన్నారు శాలిని గారు.

ముసలావిడ ఒరీనా వైపు చూడనైనా చూడదు. దీపం ఒత్తి సరిచేస్తూ అంటుంది. "తలుపు మూయి, చలి. ఈ దీపం నేను వెలిగించింది కాదు. నా ముందామె వెలిగించింది."

చెప్పాను. ఒక్కసారే. శాలిని గారు ఇంకోసారి అడగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఖమ్మం దాటింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 22

వచ్చింది. పాల్ పక్కనే కూర్చున్నాడు. "ఆ పాత ముక్క కూడా తీసెయ్యనా నా ఫోన్లోంచి?" అని అడిగాడు. వద్దన్నాను. అది అతనిది.

సెప్టెంబరు 19

డాక్టరు గారు లోపల చూసి, తంతువు కొంచెం కదులుతోందన్నారు. కొంచెమే. పాత గొంతు రాదు, కానీ ఈ గొంతు నిలబడుతుంది అన్నారు. ఆదివారం గుడిలో చిన్న పఠనం చదివాను. ముందు వరుసలో పిల్లలు తలలు తిప్పి చూశారు. అమ్మ ఇప్పుడు నన్ను "ఎవరది" అనడం లేదు. "చెప్పవే" అంటోంది.

అక్టోబరు 31

విడుదలైంది. రెండు ఎపిసోడ్లు. పాల్, అమ్మ, నేను కలిసి చూశాం. సింధూరి నవ్వు దగ్గర అమ్మ కూడా నవ్వేసింది, ఎందుకో తెలియకుండానే.

గ్రూపు భగ్గుమంది. "గొంతు మార్చేశారు!" "మా ఒరీనా కాదు ఇది!" "పాతామె ఏమైంది?" బ్యాంకు మేనేజరు గారైతే కంపెనీకి ఉత్తరం రాస్తానన్నారు. చదువుతుంటే నాకు కొంచెం సంతోషమేసింది. కొంచెమేం కాదు.

మధ్యాహ్నానికి టీచర్ గారు గ్రూపులోకి వచ్చారు. "ఆగండి, ఆగండి. అక్కడ కాలం నడవలేదని చూపించారు కదా? ఆవిడ గొంతు వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మారింది మన చెవులు. మూడేళ్ళలో ముసలివయ్యాయి."

అంతే. అందరూ ఒప్పేసుకున్నారు. సాయంత్రానికి సాయిగణేష్ గారు దానికి బొమ్మ గీసి పెట్టారు, ద్వీపంలో కాలం ఒకపక్క, చల్లపల్లిలో కాలం ఒకపక్క. నేను పగలబడి నవ్వాను. నా నవ్వు ఇప్పుడు రేకు మీద కంకర పోసినట్టుంటుంది. అమ్మ పరిగెత్తుకొచ్చింది.

ఏం మనుషులు వీళ్ళు! ఎటునుంచి విరిగినా ఒక కొమ్మ మొలిపిస్తారు.

నవంబరు 2

గుడినుంచి వచ్చేసరికి గ్రూపులో టీచర్ గారి రికార్డింగ్.

"పిల్లలూ, ఒరీనా సంగతి కాసేపు పక్కన పెట్టండి. రెండో ఎపిసోడ్ చివర దీపం దగ్గర ఒకావిడ ఉంది. మూడు మాటలు మాట్లాడింది. ఎవరావిడ? ఇన్నేళ్ళలో ఈ గొంతు నేను వినలేదు. ఆ మూడు మాటలకి నాకు ఒళ్ళు జలదరించింది. 'నా ముందామె' అంది. ఆ ముందామె ఎవరు? కాలం నడవని చోట ఈవిడ ఒక్కతే ఎలా ముసలిదైంది? ఒరీనా కథ మనకి తెలిసిపోయింది. ఇప్పుడు ఈవిడ కథ తెలియాలి. ఈవిడకి సొంత సీరియల్ రావాలి. వచ్చేదాకా నేనెక్కడికీ కదలను."

కింద వరద. ఒరీనా తల్లి అన్నారు. ఓడ కట్టిన మనిషి అన్నారు. వంటవాడి అమ్మమ్మ అంది ఆ అమ్మాయి. మూడు మాటల్ని పట్టుకుని, ఆ చలి ఎలాంటి చలి, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఒత్తి దేంతో చేసింది అని సాయంత్రం దాకా లాగారు. నేను రైలు టైముకి ముందు, ఒక్కసారి, గరగరమంటూ చెప్పిన మూడు మాటలు. చదువుతూ ఉంటే ఆ ముసలావిడకి ఇల్లూ వాకిలీ ఏర్పడుతున్నాయి. నాకు తెలియని చుట్టాలు పుట్టుకొస్తున్నారు.

టీచర్ గారు మళ్ళీ పెట్టారు. "అమలమ్మా, నువ్వేమంటావు?"

టైపు చేశాను. తుడిచేశాను. గ్రూపులోంచి బయటికొచ్చి, టీచర్ గారి నంబరు తెరిచి, రికార్డు బటన్ నొక్కి పట్టుకున్నాను.

"టీచర్ గారూ, అమలమ్మనండీ. ఆవిడెవరో నాకూ తెలియదు. మీరంతా చెబుతుంటే వింటున్నాను."

పంపేశాను. రెండు గీతలూ నీలంగా మారాయి. తర్వాత ఏమీ లేదు. అన్నం వడ్డించుకుని మెతుకు ముట్టకుండా కూర్చున్నాను. అప్పుడు ఫోను మోగింది.

ఎత్తాను. ముందు ఊపిరి వినపడింది.

"అమ్మా," అన్నారు టీచర్ గారు. "ఆ మొదటి మాటకే పట్టేశాను. ఎవరికీ చెప్పను. అల్లా మీద ఒట్టు. నిన్ను ఏమీ అడగను కూడా. ఒక్కటి చెప్పు చాలు."

"అడగండి."

"ఆ దీపం ఆవిడ మళ్ళీ వస్తుందా?"

శాలిని గారు నాకేమీ చెప్పలేదు. ఇంకా రాసి ఉండరు కూడా, ఆ చలిదేశంలో ఎవరూ.

"తెలీదండీ," అన్నాను. గొంతు బొంగురుగా, పూర్తిగా వచ్చింది. "మీరు చెప్పండి. ఎలా వస్తే బావుంటుంది?"

"అయితే విను," అన్నారు టీచర్ గారు, కుర్చీ లాక్కుంటున్న చప్పుడు. "ముందా తలుపు సంగతి తేలాలి."